గులాబీ లేకపోతేనేం, వాక్కాయ దడి ఉందిగా!

మా పెద్దాడపడుచుగారు ఆరు నెలలు ఇంగ్లండులో కూతురి దగ్గర ఉండి, ఈ ఆషాఢంలోనే తిరిగి వచ్చారు. అందరూ తెచ్చే చాక్లెట్లు, సెంటు సీసాలతో పాటు ఫోను నిండా ఫొటోలు కూడా తెచ్చారు. తీరా చూస్తే వాటిలో సగం మనుషులవి కావు, పొదలవి! "చూడవే అమ్మాయ్, ఇవన్నీ గులాబీలే. ఎవరూ నీళ్ళు పోయరు, మందు కొట్టరు. దడిలో వాటంతట అవే పూస్తాయి" అని ఒక్కొక్క ఫొటో చూపిస్తుంటే, పొయ్యి మీద పాలు పొంగిపోయినా నాకు తెలియలేదు.

మనం కుండీల్లో పెంచుకునే ముద్ద గులాబీలు కావండీ అవి. అయిదే అయిదు రేకులు, లేత గులాబీ రంగు, నడుమ పసుపు కేసరాలు. డాగ్ రోజ్ అంటారట. కుక్క గులాబీ అన్నమాట! పేరు ఎలా ఉంటేనేం, పువ్వు మాత్రం పసిపిల్ల ముఖంలా ఉంది. అక్కడ పొలాల గట్ల మీద, పెరళ్ళ చుట్టూ ఇటుక గోడకు బదులు ముళ్ళ చెట్ల దడి పెంచడం తరతరాలుగా ఉన్న అలవాటు. హాథార్న్, బ్లాక్‌థార్న్ అనే ముళ్ళ చెట్లు ముఖ్యం. వాటి మధ్య పదింటికి ఒకటో రెండో అడవి గులాబీ వేస్తారు. అంతకు మించి వేస్తే అది మిగతా వాటి నెత్తినెక్కి కూర్చుంటుందట. దాని ముళ్ళు క్రిందికి వంగి కొక్కేల్లా ఉంటాయి. వాటితో ప్రక్క చెట్టును పట్టుకుని పైకి ప్రాకుతుంది.

నాటే పద్ధతి వింటే నాకు ఆశ్చర్యం వేసింది. చలికాలంలో ఆకులు రాలి మొక్క నిద్రలో ఉన్నప్పుడు మట్టి గడ్డ లేకుండా ఒట్టి వేళ్ళతో, పేకబెత్తం లాంటి పుల్లలు అమ్ముతారు. నవంబరు నుంచి మార్చి లోపల వాటిని గుంటలో పెట్టి మట్టి త్రొక్కేస్తే, ఎండలు రాగానే చిగురిస్తాయి. మా మేనకోడలు కూడా ఫిబ్రవరిలో అలాగే నాటింది. ఆ పుల్లలు చూసి వదినగారు "డబ్బు దండగ" అనుకున్నారట. జూన్ నాటికి మోకాలెత్తు పచ్చగా ఉన్నాయి. ప్రక్కింటి ముసలి దడి అయితే పువ్వులతో తెల్లబోయిందట.

పువ్వులు రాలాక ఎర్రటి కాయలు వస్తాయి. చలికాలమంతా పిట్టలకు అవే తిండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు సాగక నారింజలు రావడం తగ్గిపోతే, 1941 నుంచి అక్కడ ఊరూరా పిల్లల చేత, ఆడవాళ్ళ చేత ఈ దడుల్లోని గులాబీ కాయలు ఏరించి, పానకం కాచి, విటమిన్ సి కోసం పసిబిడ్డలకు పట్టించారు. దడి అంటే ఒట్టి కంచె కాదు, వంటింటికి కూడా అక్కరకు వచ్చిందన్నమాట. ఆ కాయ లోపల సన్నటి నూగు ఉంటుంది, తగిలితే ఒకటే దురద. అందుకని గుడ్డలో వడకట్టి గానీ వాడరు.

ఇదంతా చెప్పి వదినగారు, "మన పెరట్లో కూడా ఇవి వేద్దామే" అన్నారు. మీలో కూడా కొందరికి ఆ కోరిక పుట్టే ఉంటుంది. నిష్ఠూరమైనా నిజం చెప్పేస్తాను. ఆ గులాబీకి చలి కావాలి. మన కోస్తా ఉక్కలో, తెలంగాణ ఎండలో అది సుఖపడదు. మన దేశంలో అడవి గులాబీలు లేకపోలేదు. హిమాలయాల వాలుల్లో, నీలగిరి కొండల్లో తెల్లటి అయిదు రేకుల గులాబీలు పొదలుగా పెరుగుతాయి. అవి కూడా చల్లటి కొండ గాలికి అలవాటు పడినవే. నర్సరీ గులాబీ మీ ఇంట్లో ఉంటే అంటు కట్టిన చోటుకు క్రింద నుంచి ఒక పిలక బలంగా పైకి వస్తుంది చూడండి, మొండి జాతి అదీ. పైన కట్టిన అంటును పూయనివ్వకుండా సారమంతా లాగేస్తుంది. కనిపించగానే మొదలంటా తీసేయండి. "ఎంత ఏపుగా ఉందో" అని మురిసిపోయి ఉంచుకుని, తరువాత "మా గులాబీ పూయడం మానేసింది" అని నాతో చెప్పేవారు ఎంతమందో!

మరి మనకు ఏది? ముళ్ళుండాలి, మంచి వాసన పువ్వుండాలి, పిట్టకు పండు, మనకు పప్పులోకి పులుపు ఇవ్వాలి, ఎండకు ఓర్చాలి. అన్నీ ఉన్నది మన వాక్కాయ. నిజానికి ఈ సంగతి నాకు ఎవరూ చెప్పక్కరలేదు. మా ఇంటి వెనక ఉన్న వాక్కాయ దడిని దగ్గరుండి పీకించింది నేనే కాబట్టి.

ఆ కథ కొంచెం చెప్పుకోవాలి. నేను కాపురానికి వచ్చేసరికి మా పెరటి చుట్టూ అత్తయ్యగారు పెంచిన దడి ఉండేది. వాక్కాయ, బలుసు, వావిలి, గోరింట కలగలిసి నిలువెత్తు పెరిగి ఉండేవి. ఒకసారి మా బాబు స్నానాల గదిలో ఉండగా తూము ప్రక్క జెర్రిపోతు కనిపించింది. జెర్రిపోతుకు విషం లేదని అందరూ చెప్పారు. అయినా అయిదేళ్ళ పిల్లవాడి తల్లికి ఆ మాట ఎక్కుతుందా? దడి ఉన్నంతకాలం పాములు తప్పవనీ, గోడ కట్టాల్సిందేననీ పట్టుబట్టాను. 2013 శ్రావణంలో పొక్లెయిన్ వచ్చి, పాతికేళ్ళ దడిని ఒక్క పూటలో పెకలించి పారేసింది. అత్తయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. పడిపోయిన కొమ్మల మీద అప్పటికి కాయ ఉంది. కొంగు చాపి అవన్నీ కోసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మూడు వైపులా గోడ లేచింది. వెనక వైపు అరవై అడుగులకు డబ్బు చాలక ముళ్ళ తీగె లాగించి ఊరుకున్నాం. గోడ కట్టిన మరుసటి ఏడాదే మళ్ళీ పాము కనిపించింది! మా కొట్టుగదిలో ధాన్యం బస్తాల వెనక ఎలుకలు పిల్లలు పెట్టాయి. వాటి కోసం అది తూములోంచి వచ్చింది. పాము దడి కోసం రాలేదండీ, ఎలుక కోసం వచ్చింది. ఈలోగా పెరట్లో పిట్టలు మాత్రం మాయమయ్యాయి. ప్రొద్దున్నే పిగిలిపిట్టల అరుపులతో లేచే అలవాటు ఉన్న ఇంట్లో అలారం పెట్టుకోవలసి వచ్చింది.

2018లో అత్తయ్యగారికి జ్వరం వచ్చి తగ్గాక నోరు చచ్చిపోయి, వాక్కాయ పప్పు తినాలని ఉందన్నారు. బజారుకు పంపి పావుకిలో కొనిపించి వండాను. రెండు ముద్దలు తిని, "కొన్నావా?" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

సరిగ్గా అప్పుడే మావారు వెనక గోడకు డబ్బు సమకూర్చుకుని మేస్త్రీని పిలిపించారు. అరవై అడుగులకు 80,000 రూపాయలు అన్నాడు. నేను అడ్డం పడ్డాను. "గోడ గోడ అని ప్రాణం తీసింది నువ్వేగా!" అన్నారు మావారు. నిజమే మరి, ఏం చెప్పను? మూడేళ్ళు గడువు ఇమ్మన్నాను. దడి రాకపోతే గోడ. కాదనలేదు గానీ, ఆ మేస్త్రీ ఫోను నంబరు మాత్రం క్యాలెండరు మీద నాకు కనిపించేలా రాసి పెట్టారు.

విత్తనం సంగతి అత్తయ్యగారే చెప్పారు. వాక్కాయ గింజ నిలవకు ఆగదు. పండు తిన్న వారంలోపే వేయాలి. వచ్చే ఏడాదికని డబ్బాలో దాచుకుంటే మొలవదు. బాగా పండి నలుపు తిరిగిన కాయలు పిసికి, గింజలకు అంటిన గుజ్జు పోయేలా నీళ్ళలో రెండు మూడు సార్లు కడిగి, నీడన ఒక రోజు ఆరబెట్టాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి, అడుగున చిల్లులు పెట్టిన పాల పాకెట్లలో నింపి, ఒక్కోదానిలో రెండేసి గింజలు అర అంగుళం లోతున వేశాను. మూడు వారాలకు మొలకలు కనిపించాయి. ఎనభై పాకెట్లలో అరవైకి పైగా లేచాయి. కొమ్మలు గుచ్చితే తేలికగా వేళ్ళు రావు గనుక ఆ ప్రయత్నం పెట్టుకోకండి. నేను పది గుచ్చి పదీ పోగొట్టుకున్నాను. గోరింట, వావిలి, అడ్డసరం అలా కాదు. వానల్లో పెన్సిలు మందం ముదురు కొమ్మ గుచ్చితే చాలు, పట్టేస్తాయి. తంగేడు గింజ పెంకు గట్టిది. వేడినీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, దడి వేసే చోటనే నేరుగా విత్తుకోవాలి.

ఆ పాకెట్లు ఏడాది పాటు సగం నీడలో పెరిగాయి. 2019లో తొలకరి బాగా పడి నేల తడిశాక నాటాం. కందకం అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. మట్టిలో పశువుల ఎరువు కలిపాం. వరుసలు రెండు, వాటి మధ్య అడుగున్నర, మొక్కకు మొక్కకు రెండున్నర అడుగులు. ఒక వరుస మొక్కకు ఎదురుగా రెండో వరుసలో ఖాళీ వచ్చేలా, ముగ్గులో చుక్కలు ఎడమ చుక్కలుగా పెడతాం చూడండి, అలాగ. అరవై అడుగులకు యాభై మొక్కలు పట్టాయి. వాటిలో ముప్ఫయి వాక్కాయలు. మిగిలినవి గోరింట, బలుసు, వావిలి, అడ్డసరం, ఎండ బాగా తగిలే కొసన తంగేడు. అన్నీ వాక్కాయలే వేయవచ్చు గదా అంటారేమో. ఒక్క జాతే వేస్తే ఒక్కసారే పూసి, ఒక్కసారే కాసి ఊరుకుంటుంది. ఏదైనా తెగులు వస్తే దడి అంతా పోతుంది. కలగలుపుగా ఉంటే ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూతలో ఉంటుంది.

కూలీ, ఎరువు అన్నీ కలిపి నాకు అయింది మూడు వేల చిల్లర.

అంతా సవ్యంగా జరిగిందని అనుకోకండి. బట్టలుతికిన నీళ్ళు పారే పల్లంలో నాటిన ఆరు మొక్కలు వేరు కుళ్ళి చచ్చిపోయాయి. వాక్కాయ నీళ్ళు లేకపోయినా బ్రతుకుతుంది, నీళ్ళు నిలిస్తే బ్రతకదు. తరువాత అక్కడ మట్టి మెరక చేసి మళ్ళీ వేశాను. ఎదురింట్లో పెళ్ళి హడావుడిలో మేము ఉన్న రోజున ఎవరివో మేకలు చొరబడి గోరింటను మొదలంటా నమిలేశాయి. అడ్డసరం, వావిలి జోలికి మాత్రం పోలేదు. వాటి చేదు మేకకు కూడా తెలుసు! కాబట్టి మొదటి రెండేళ్ళు బయటి వైపు తుమ్మకంప వేసి కాపాడుకోండి. మొదటి ఎండాకాలం వారానికొకసారి మొదళ్ళు తడపాలి, ఎండుటాకులు పరచాలి. రెండో ఎండాకాలం నుంచి వాక్కాయ మిమ్మల్ని నీళ్ళు అడగదు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. మొక్క పైకి పోతుంటే సంబరపడి ఊరుకుంటారు. పైన గుబురుగా, క్రింద కుక్క దూరేంత ఖాళీగా తయారవుతుంది. మనసు రాయి చేసుకుని అడుగెత్తులో తల త్రుంచాలి. ప్రక్క కొమ్మలు వచ్చాక, మళ్ళీ రెండడుగుల దగ్గర త్రుంచాలి. దడి ఆకారం గుడి గోపురంలా ఉండాలి. అడుగు వెడల్పు, కొస సన్నం. అప్పుడే క్రింది కొమ్మలకు కూడా ఎండ తగిలి, నేల దాకా ఆకు నిలుస్తుంది. నేను తల త్రుంచుతుంటే మావారు "పెంచుతున్నావా, చంపుతున్నావా?" అని ఎగతాళి చేసేవారు.

పిట్టలు ఎప్పుడు వచ్చాయని అడుగుతారు మీరు. మొదటి ఏడాది తొండలు, సాలీళ్ళు తప్ప ఎవరూ రాలేదు. రెండో ఏడాది తంగేడు మీద పచ్చటి పురుగులు పడి ఆకు తినేస్తుంటే నాకు కంగారు పుట్టి మందు కొట్టబోయాను. డిగ్రీ చదివే మా తోడికోడలి కూతురు ఆపింది. "అవి సీతాకోకచిలుక పిల్లలు పెద్దమ్మా" అంది. నిజంగానే పదిహేను రోజులకు పసుపు సీతాకోకచిలుకలు ఎగిరాయి. తంగేడు మళ్ళీ చిగిర్చింది. కరివేపాకు మీద, నిమ్మ మీద, పెరటి జిల్లేడు మీద కనిపించే పురుగులు కూడా అలాంటివే. చెట్టు చిన్నదైతే చేత్తో తీసి పెద్ద చెట్టు మీద వేయండి, అంతే.

మూడో ఏడాది, 2022 వేసవిలో, పిగిలిపిట్ట గూడు కట్టింది. చిన్న గిన్నె లాంటి గూడు, మూడు గుడ్లు, ఎర్రటి చుక్కలతో. మా ఇంట్లో అందరం దొంగల్లా నడిచేవాళ్ళం. నాలుగో రోజున జెముడుకాకి వచ్చి గుడ్లన్నీ తినేసిపోయింది! నేను ఏడ్చినంత పని చేశాను. అత్తయ్యగారు నవ్వి, "దానికీ పిల్లలున్నాయి గదే" అన్నారు. తరువాత ఆ పిట్టే వాక్కాయ ముళ్ళు చిక్కగా ఉన్న నడిమి భాగంలో మళ్ళీ కట్టింది. ఈసారి జెముడుకాకి దూరలేకపోయింది. ఇంతకీ ఆ రెండు వారాలూ ప్రొద్దున్నే కుర్చీ వేసుకుని గూటికి కాపలా కూర్చున్నది ఎవరనుకున్నారు? మావారు. మేస్త్రీ నంబరు రాసిన క్యాలెండరు ఎప్పుడో పాత పేపర్లలో పోయింది.

ఇప్పుడు తేనెపిట్టలు వస్తాయి. ఆకులు కుట్టి గూడు కట్టే లిక్కుజిట్ట దడి ప్రక్క వంగమొక్కలో కాపురం పెట్టింది. సాయంత్రం పిచ్చుకలు వచ్చి దడిలో దూరి చేసే గోల వింటే చెవులు గింగురుమంటాయి. ముళ్ళ పొదను నమ్ముకుని బ్రతికే పక్షి మన రాష్ట్రంలో ఎంత అపురూపమైనది ఉందో తెలుసా? 1900 తరువాత కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల్ల దగ్గర చిట్టడవిలో మళ్ళీ దొరికింది. కలివి అంటే వాక్కాయకు చెల్లెలు వరస పొదే. చిన్న నల్లటి పండ్లు కాస్తుంది. రాయలసీమ వారికి బాగా తెలుసు. మన పెరట్లోకి కలివికోడి రాదు గానీ, ముళ్ళ పొద అనగానే పనికిమాలినదని నరికేసే ముందు ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది నాకు.

కత్తిరింపు సంగతి. ఇంగ్లండులో దీనికి చట్టమే ఉంది. పొలాల్లోని పాత దడిని ఇష్టం వచ్చినట్టు పీకెయ్యడానికి వీల్లేదని 1997లో నియమాలు పెట్టారు. 2024 నుంచి పొలం దడులను మార్చి 1 మొదలు ఆగస్టు 31 దాకా కత్తిరించకూడదు, పిట్టలు గూళ్ళు పెట్టే కాలమని. వదినగారు ఈ మాట చెప్పగానే నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే మా అత్తయ్యగారు ఏ చట్టమూ చదవకుండానే మాఘం నుంచి శ్రావణం దాకా దడి మీద కత్తి పెట్టనిచ్చేవారు కారు. ఇప్పుడు నేనూ అంతే. కాయ అంతా అయిపోయాక, ఆశ్వయుజంలోనో కార్తీకంలోనో, గూళ్ళు లేవని చూసుకుని కత్తిరిస్తాను. ఒక్క గోరింటకు మాత్రం మినహాయింపు. ఆషాఢంలో వీధి వీధంతా ఆకుకు వస్తారు. కాదంటే ఊరుకుంటారా? ఆ కోతే దానికి కత్తిరింపు.

పాముల భయం సంగతి దాటవేయను. నాకు ఇప్పటికీ భయమే. దడిని పడకగది గోడను ఆనుకుని వేయకండి, ఎనిమిది అడుగులైనా ఎడం ఉంచండి. దడి మొదట్లో చెత్త, పాత ఇటుకలు, కట్టెలు పోగు పెట్టకండి. కోళ్ళకు వేసిన నూకలు రాత్రికి నేల మీద మిగలనివ్వకండి. ఎలుక రాకపోతే పాముకు మీ ఇంట్లో పని లేదు. చీకటి పడ్డాక దడి దగ్గరకు టార్చి లేకుండా, చెప్పులు లేకుండా వెళ్ళకండి. కాయ కోసేటప్పుడు చెయ్యి పెట్టే ముందు కర్రతో కొమ్మ కదపండి. ఒట్టి ముళ్ళ భయానికైనా ఇది మంచిదే. వాక్కాయ ముల్లు రెండు కొసలుగా చీలి ఉంటుంది, గుచ్చుకుంటే సలుపు రెండు రోజులు.

వేయకూడనివి కూడా చెబుతాను. గన్నేరు, పచ్చగన్నేరు అందంగా ఉంటాయి, మేకలు ముట్టవు, అందుకని చాలామంది దడికి వేస్తారు. రెండూ విషమే. పిల్లలు, పశువులు తిరిగే చోట వద్దు. వాక్కాయ కూడా గన్నేరు కుటుంబానిదే, గిల్లితే పాలు కారతాయి. పండు మాత్రం నిక్షేపంగా తినవచ్చు. రంగురంగుల గుత్తి పూల లాంటానా, సర్కారు తుమ్మ జోలికి పోకండి. పై దేశాల నుంచి వచ్చి మన గట్లన్నీ ఆక్రమించిన చెట్లివి. వేయడం మన చేతిలో ఉంటుంది, ఆపడం ఉండదు. సీమచింతకు పేరులోనే సీమ ఉన్నా, దాని గుబ్బకాయల మీద నాకున్న మోజు కొద్దీ దాన్నేమీ అనలేను.

తీగెలు మీరు పాకించనక్కరలేదు. పిట్టలే గింజలు తెచ్చి వేస్తాయి. మా దడి మీదకు కాకిదొండ అలాగే వచ్చింది. దాని ఎర్రటి పండ్ల కోసం పిగిలిపిట్టలు కొట్టుకుంటాయి. నల్లేరు మాత్రం నేనే వేశాను, లేత కాడల పచ్చడి కోసం. తీగెలు మరీ ముసురుకుంటే వానలు వెలిశాక కొంత లాగేయండి. లేకపోతే క్రింది మొక్కకు ఊపిరి ఆడదు.

ఇక వంటింట్లోకి వద్దాం. వాక్కాయలు కోసిన వెంటనే ఉప్పునీళ్ళలో వేస్తే జిగురు పాలు పోతాయి. చేతికి కాస్త నూనె రాసుకుని, నిలువుగా రెండుగా చీల్చి గింజలు తీసేయాలి. గ్లాసు కందిపప్పుకు పది పన్నెండు కాయలు చాలు. అంతకు మించితే పళ్ళు పులిసిపోతాయి. పప్పు సగం ఉడికాక కాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి, మెత్తబడ్డాక ఉప్పు కలిపి, ఇంగువ, వెల్లుల్లి దట్టించిన పోపు పెట్టాలి. చింతపండు అక్కరలేదు. దోర కాయలతో పులిహోర కూడా బాగుంటుంది. అన్నట్టు, బేకరీ కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీ పండు చాలాసార్లు పంచదార పాకంలో ఊరబెట్టి రంగు వేసిన మన వాక్కాయే! ఆ సంగతి తెలిసిన దగ్గర నుంచి మా బాబు కేకు మీద చెర్రీని చూసి "మన దడి" అంటాడు.

2022 శ్రావణంలో మా దడికి మొదటి కాయ వచ్చింది. కిలోకు కొంచెం తక్కువ. ఆ రోజు పప్పు వండి అత్తయ్యగారికి వడ్డించి, ఎదురుగా నిలబడ్డాను. తిన్నారు. మారు కూడా వేయించుకున్నారు. "ఉప్పు తగ్గింది" అన్నారు. తరువాత లేచి చెయ్యి కడుక్కుని, ఊతకర్ర పట్టుకుని పెరటి చివరి దాకా నడిచి, దడి పొడుగునా ఒకసారి చూసి వచ్చారు.

వదినగారు ఇప్పుడు తమ ఇంటికి కూడా దడి కావాలంటున్నారు. వాళ్ళది నూట ఇరవై అడుగులు. నిన్ననే నూటయాభై పాకెట్లు నింపాం. మీరూ మొదలు పెట్టదలిస్తే ఆలస్యం చేయకండి, ఈ రెండు మూడు వారాలే బజారులో పండిన వాక్కాయలు దొరికేది. తట్టలో నల్లగా మెత్తబడినవి అమ్మే అమ్మాయి ప్రక్కన పారేస్తుంటుంది. వాటిని అడిగి తీసుకోండి. పప్పులోకి పచ్చివి చాలు.